ఖండాలు నిజంగానే కదులుతున్నాయా? ప్లేట్ టెక్టానిక్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఖండాలు కదులుతాయని బడిలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు "ఇంత పెద్ద నేల ఎలా కదులుతుందండీ?" అని అడుగుతారు. ఆ అనుమానం రావాల్సిందే. కాళ్ల కింద నేలను నమ్మినంతగా మనం దేన్నీ నమ్మం కదా. ఇలా నాకు మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలను ఒకచోట పెట్టి, తెలిసినంతలో వివరంగా జవాబులు రాశాను. చదివేటప్పుడు ఒక్క మాట మనసులో ఉంచుకోండి. ఖండాలు ప్రయాణికులు మాత్రమే. బండి వేరే ఉంది, అందులో ఎక్కువ భాగం సముద్రం అడుగున ఉంది.

ఇది నిరూపణ అయిన విషయమా, లేక ఇంకా ఊహేనా?

నిరూపణ దాటి కొలతల దాకా వచ్చేశాం. గట్టి రాతిలో బిగించిన జీపీఎస్ పరికరాలు ప్రపంచమంతటా ఉన్నాయి. ఏడాదికి ఏ చోటు ఎటు వైపు ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో అవి చెబుతూనే ఉంటాయి.

ఆస్ట్రేలియా సంగతి చూడండి. ఆ ఖండం ఏటా దాదాపు 7 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. అక్కడి మ్యాపులు 1994 నాటి లెక్కతో స్థిరపరిచిన అక్షాంశ రేఖాంశాల మీద నడిచేవి. 2020 వచ్చేసరికి ఆ లెక్కకూ, నేల అసలు ఉన్న చోటుకూ మధ్య దాదాపు 1.8 మీటర్ల తేడా వచ్చింది. దాంతో దేశం మొత్తానికీ కొత్త లెక్క కట్టాల్సి వచ్చింది. కారులో వెళ్లేవారికి 1.8 మీటర్లు పెద్ద విషయం కాకపోవచ్చు. డ్రైవర్ లేకుండా శాటిలైట్ ఆధారంగా దున్నే ట్రాక్టర్‌కు మాత్రం సాలు తప్పడానికి అది చాలు.

ఎంత వేగంగా కదులుతాయి?

మన చేతి గోళ్లు పెరిగే వేగం ఎంతో, సుమారుగా అంతే. అట్లాంటిక్ మహాసముద్రం ఏటా 2 నుంచి 2.5 సెంటీమీటర్లు వెడల్పు అవుతోంది. తూర్పు పసిఫిక్‌లో కొన్నిచోట్ల రెండు పలకలు (భూమి పైపొర పగిలిన పెద్ద రాతి ముక్కలు, అంటే ప్లేట్లు) ఏటా 15 సెంటీమీటర్ల దాకా దూరం జరుగుతున్నాయి.

1492లో కొలంబస్ దాటిన అట్లాంటిక్ కన్నా ఇప్పటి అట్లాంటిక్ సుమారు 12 మీటర్లు వెడల్పు ఎక్కువ. "ఇంతేనా?" అనిపిస్తుంది. అదే వేగంతో 20 కోట్ల ఏళ్లు లెక్కవేయండి. 2.5 సెంటీమీటర్ల చొప్పున 5,000 కిలోమీటర్లు అవుతుంది. అంటే ఒక మహాసముద్రం తయారైనట్టే. నా అనుభవంలో ఈ విషయంలో అందరూ తడబడేది వేగం దగ్గర కాదు, కాలం దగ్గర. కోటి ఏళ్లు అనే మాట నోటికి తేలిగ్గా వస్తుంది, మనసుకు అందదు.

ఖండం, పలక ఒకటేనా?

కాదు. మనం నిలబడే భూపటలం, దాని కింద ప్రావారం (మ్యాంటిల్) అనే మందపాటి రాతి పొరలో గట్టిగా ఉండే పై భాగం కలిస్తే ఒక పలక. మందం సుమారు 100 కిలోమీటర్లు. సముద్రాల కింద ఇంకా పలచగా, పాత ఖండాల కింద ఇంకా మందంగా ఉంటుంది. భూమి పైపొర మొత్తం ఇలాంటి ముక్కలుగా పగిలి ఉంది. పెద్దవి ఏడు, చిన్నవి చాలా.

పలక అంచు సముద్ర తీరం దగ్గర ఉండాలని రూలేమీ లేదు. ఆఫ్రికా పలక ఆఫ్రికా ఒడ్డుతో ఆగిపోదు, అట్లాంటిక్ నడిమధ్య దాకా వెళ్తుంది. పసిఫిక్ పలక దాదాపు మొత్తం సముద్రమే. అందుకే "ఖండం కదులుతోంది" అన్నప్పుడు, తన పలక మీద కూర్చుని వెళ్తోందని అర్థం చేసుకోవాలి.

పలకలు లావా మీద తేలుతున్నాయా?

లేదు. ఈ విషయంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చాలా బొమ్మల్లో పలకల కింద ఎర్రటి ద్రవం ఉన్నట్టు రంగులు వేస్తారు, అందుకే ఆ అపోహ పోదు.

పలకల కింద ఉన్న ప్రావారం గట్టి రాయి. ఎలా తెలుసంటే, భూకంపం వచ్చినప్పుడు పుట్టే ఎస్ తరంగాలు ద్రవంలోంచి ప్రయాణించలేవు. అవి ప్రావారంలోంచి శుభ్రంగా వెళ్తాయి. దాదాపు 2,900 కిలోమీటర్ల లోతులో బాహ్య కేంద్ర మండలం మొదలయ్యే చోట ఆగిపోతాయి. ద్రవం ఉన్నది అక్కడే, అదీ కరిగిన ఇనుము, నికెల్.

మరి గట్టి రాయి ఎలా జరుగుతుంది? హిమానీనదాన్ని తలచుకోండి. మంచుగడ్డను సుత్తితో కొడితే ముక్కలవుతుంది. అదే మంచు కొండల్లో ఏళ్ల తరబడి పేరుకుంటే, గడ్డగా ఉంటూనే మెల్లగా కిందికి పారుతుంది. ప్రావారపు రాయి కూడా అంతే, విపరీతమైన వేడికి, ఒత్తిడికి గట్టిగా ఉంటూనే పారుతుంది. శిలాద్రవం కొన్ని ప్రత్యేకమైన చోట్ల, కొద్ది మోతాదులో మాత్రమే తయారవుతుంది.

మరి పలకలను కదిలించే బలం ఏది?

మంచం మీద దుప్పటి పరిచి, ఒక కొసను పక్కకు వేలాడేలా వదలండి. వేలాడే భాగం కొంచెం ఎక్కువైతే చాలు, మిగతా దుప్పటిని కూడా తనతో లాక్కుపోతుంది. పలకల కదలికకు ప్రధాన కారణం ఇలాంటి లాగుడే.

సముద్రపు పలక పుట్టినప్పుడు వేడిగా, తేలిగ్గా ఉంటుంది. కోట్ల ఏళ్ల పాటు జరుగుతూ చల్లబడి బరువెక్కుతుంది. చివరికి కింద ఉన్న ప్రావారం కన్నా సాంద్రత ఎక్కువై, అంచు దగ్గర వంగి లోపలికి దిగడం మొదలుపెడుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి వల్ల దానిలోని బసాల్ట్ రాయి ఇంకా బరువైన రాయిగా మారుతుంది, లాగుడు మరింత పెరుగుతుంది. దీనికి సాక్ష్యం కూడా ఉంది. పసిఫిక్ పలకలాగా పొడవైన అంచులు లోపలికి దిగుతున్న పలకలు వేగంగా వెళ్తున్నాయి. అలాంటి అంచులు పెద్దగా లేని యురేషియా, ఆఫ్రికా పలకలు నెమ్మదిగా నడుస్తున్నాయి.

రెండో బలం, సముద్రం మధ్యలో ఎత్తుగా ఉన్న చోటు నుంచి పలక తన బరువుతో పక్కకు జారడం. ఇది కొంచెం చిన్నది. వీటన్నిటి వెనకా ఉన్నది భూమి లోపలి వేడి బయటికి పోవాలనే ప్రయత్నమే.

ఈ మాట మొదట ఎవరన్నారు? వెంటనే ఎందుకు నమ్మలేదు?

ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఒడ్డులు ఒకదానికొకటి అతికినట్టు ఉన్నాయని 1596లోనే అబ్రహాం ఒర్టీలియస్ అనే మ్యాపుల తయారీదారు రాశాడు. దాన్ని సిద్ధాంతంగా నిలబెట్టింది మాత్రం జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్. ఆయన వాతావరణ శాస్త్రవేత్త. 1912లో ప్రసంగించి, 1915లో పుస్తకం వేశాడు.

ఆయన చూపించిన సాక్ష్యాలు గట్టివి. మీసోసారస్ అనే చిన్న సరీసృపం శిలాజాలు దక్షిణ అమెరికాలోనూ, దక్షిణ ఆఫ్రికాలోనూ మాత్రమే దొరికాయి. అంత చిన్న ప్రాణి అట్లాంటిక్‌ను ఈదే ప్రశ్నే లేదు. గ్లాసోప్టెరిస్ అనే మొక్క ఆకుల ముద్రలు ఇండియా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా అన్నిట్లోనూ ఉన్నాయి. ఇప్పుడు ఎండలు మండే ప్రాంతాల్లో ఒకప్పటి హిమానీనదాలు రాతి మీద గీసిన గీతలు ఉన్నాయి.

దెబ్బతిన్నది "ఎలా?" అన్న ప్రశ్న దగ్గర. ఖండాలు సముద్రపు అడుగును చీల్చుకుంటూ పోతాయని వెగెనర్ అనుకున్నాడు. సముద్రపు అడుగు అంత మెత్తన కాదని భూభౌతిక శాస్త్రవేత్తలు లెక్కలు చూపించారు, ఆ మాటలో వాళ్లే కరెక్ట్. గ్రీన్‌లాండ్ జరిగే వేగాన్ని కూడా ఆయన చాలా ఎక్కువగా అంచనా వేశాడు. 1930 నవంబరులో, గ్రీన్‌లాండ్ నడిబొడ్డున ఉన్న సహచరులకు సరుకులు చేర్చి తిరిగి వస్తూ, ఆ మంచులోనే చనిపోయాడు. అప్పటికి వయసు 50. ఆయన కోరిన సాక్ష్యం సముద్రం కింద ఉంది. అక్కడికి చూడగలిగే పరికరాలు ఆయన బతికి ఉండగా రాలేదు. ఈ సంగతి చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది.

శాస్త్రవేత్తల మనసు ఎప్పుడు మారింది?

1950లు, 60లలో. దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే కథ మలుపు తిరిగింది ఇక్కడే.

కొలంబియా యూనివర్సిటీ పరిశోధనశాలలో మేరీ థార్ప్ అనే భూగర్భ శాస్త్రవేత్త పనిచేసేది. ఆడవాళ్లను పరిశోధన నౌకల మీదికి ఎక్కనిచ్చేవారు కాదు. నౌకల నుంచి ధ్వని తరంగాలతో కొలిచిన లోతుల లెక్కలు ఆమె బల్ల మీదికి వచ్చేవి. ఒక్కో అంకెను చుక్కగా పెట్టుకుంటూ ఆమె అట్లాంటిక్ అడుగును గీసింది. మధ్యలో పర్వత శ్రేణి ఉందని అందరికీ తెలుసు. 1952 చివర్లో ఆమెకు కనబడింది ఆ శ్రేణి నడినెత్తిన పొడవునా పోతున్న లోయ. నేల అక్కడ విడిపోతోందని దాని అర్థం. సహోద్యోగి బ్రూస్ హీజెన్ మొదట "ఆడపిల్లల కబుర్లు" అని కొట్టిపారేశాడు. అదే గదిలో ఇంకొకరు అట్లాంటిక్‌లో వచ్చిన భూకంపాల మ్యాపు తయారు చేస్తున్నారు. రెండు మ్యాపులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే భూకంపాలు సరిగ్గా ఆ లోయ వెంబడే ఉన్నాయి. దాంతో హీజెన్ ఒప్పుకున్నాడు. ఆ శ్రేణి అన్ని మహాసముద్రాల గుండా సుమారు 65,000 కిలోమీటర్లు పోతుందని తర్వాత తేలింది.

1962లో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త హ్యారీ హెస్, సముద్రపు అడుగు ఆ శ్రేణుల దగ్గర పుట్టి, రెండు వైపులా జరిగి, లోతైన అగాధాల దగ్గర మళ్లీ లోపలికి పోతుందని రాశాడు. ఖండాలు దేన్నీ చీల్చనక్కర్లేదు, అడుగే వాటిని మోసుకుపోతుంది.

1963లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ దీనికి గట్టి ఆధారం చూపించారు. లావా గట్టిపడేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి అయస్కాంత దిశను పట్టుకుని ఉండిపోతాయి. భూమి అయస్కాంత ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఎన్నోసార్లు తారుమారు అయ్యాయి. అందుచేత సముద్రపు అడుగు మీద అటూ ఇటూ దిశలతో పట్టీలు ఏర్పడ్డాయి. శ్రేణికి ఎడమ వైపు పట్టీలు ఎలా ఉన్నాయో కుడి వైపు కూడా అద్దంలో చూసినట్టు అలాగే ఉన్నాయి. కెనడాకు చెందిన లారెన్స్ మార్లీకి కూడా అదే సమయంలో ఇదే ఆలోచన వచ్చింది, ఆయన వ్యాసాన్ని పత్రికలు వేసుకోలేదు. 1968 కల్లా పలకల సిద్ధాంతం పూర్తి రూపానికి వచ్చేసింది.

పాంజియా, గోండ్వానా అంటే ఏమిటి?

సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం ఖండాలన్నీ ఒకే నేలగా ఉండేవి. అదే పాంజియా. 20 కోట్ల ఏళ్ల క్రితం విడిపోవడం మొదలైంది. అందులోని దక్షిణ భాగం గోండ్వానా. ఆ పేరు మధ్య భారతంలో గోండులు ఉండే ప్రాంతానిది. అక్కడి రాళ్లలో గ్లాసోప్టెరిస్ శిలాజాలు విరివిగా దొరకడం వల్ల ఒక మహాఖండానికే ఆ పేరు స్థిరపడింది. పాంజియా కన్నా ముందు కూడా ఇలాంటివి ఉన్నాయి. సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం నాటిది రొడీనియా.

హిమాలయాలు ఎలా పుట్టాయి?

గోండ్వానా నుంచి విడిపోయిన భారత భూభాగం ఉత్తరంగా బయల్దేరింది. సుమారు 6.5 కోట్ల ఏళ్ల క్రితం దాని వేగం ఏటా 15 సెంటీమీటర్లు దాటింది, అంత పెద్ద నేలకు అది చాలా ఎక్కువ. ముందున్న టెథిస్ సముద్రపు అడుగు ఆసియా కిందికి దిగుతూ దాన్ని లాక్కొచ్చింది. సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం రెండు నేలలూ ఢీకొన్నాయి. ఖండపు రాయి తేలిక, సముద్రపు పలకలాగా లోతుకు మునగదు. అందుకే రెండూ నలిగి, మడతలు పడి, ఒకదాని మీద ఒకటి ఎక్కి పైకి లేచాయి. ఇప్పుడు కూడా భారత భూభాగం ఏటా 4, 5 సెంటీమీటర్ల చొప్పున తోస్తూనే ఉంది.

ఎవరెస్ట్ శిఖరం చివరి రాయి సున్నపురాయి. అందులో సముద్ర జీవుల అవశేషాలున్నాయి. 8,848 మీటర్ల ఎత్తున ఉన్నది ఒకప్పటి సముద్రపు అడుగు! నేపాల్‌లో గండకీ నది ఒడ్డున దొరికే సాలగ్రామాన్ని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? నల్లటి గుండ్రాయి లోపల చక్రంలా చుట్టలు తిరిగి, సన్నటి గాళ్లు వరుసగా ఉంటాయి. అది అమ్మోనైట్ అనే సముద్ర జీవి గుల్ల ముద్ర. టెథిస్ సముద్రంలో ఈదిన ప్రాణి గుర్తు హిమాలయాల్లో దొరుకుతోంది.

పలకలు అంత నెమ్మదిగా కదిలితే భూకంపం అంత హఠాత్తుగా ఎందుకు వస్తుంది?

పలకల మధ్య భాగాలు నెమ్మదిగా జరుగుతూనే ఉంటాయి గానీ, అంచులు రాపిడి వల్ల పట్టుకుపోతాయి. తుప్పు పట్టిన గడియను తోస్తే ఏమవుతుంది? ఎంత తోసినా కదలదు, ఉన్నట్టుండి ఒక్కసారిగా జారుతుంది. జపాన్ దగ్గర పసిఫిక్ పలక ఏటా 8 సెంటీమీటర్ల పైచిలుకు లోపలికి దిగుతోంది. వందల ఏళ్లు పేరుకున్న ఆ బాకీ 2011 మార్చి 11న కొన్ని నిమిషాల్లో తీరింది. అగాధం దగ్గర సముద్రపు అడుగు సుమారు 50 మీటర్లు జరిగింది. జపాన్ తీరం కొన్నిచోట్ల 5 మీటర్లు తూర్పుకు జరిగింది. ఆ కుదుపుకు లేచిన నీరే సునామీ.

పలక అంచుకు దూరంగా ఉంటే భయం లేనట్టేనా?

ప్రమాదం తక్కువ, లేదని మాత్రం కాదు. పలక లోపల కూడా పాత పగుళ్లు ఉంటాయి, అంచుల దగ్గర ఒత్తిడి లోపలి దాకా పాకుతుంది. 1811, 1812లో ఉత్తర అమెరికా మధ్యలోని న్యూ మాడ్రిడ్ దగ్గర, 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూర్ ప్రాంతంలో వచ్చిన భూకంపాలు ఇలాంటివే.

భూకంపం ఎప్పుడొస్తుందో ముందే చెప్పగలరా?

తేదీ, టైమ్ చెప్పి, ఫలానా చోట వస్తుందని ఎవరూ చెప్పలేరు. అలా చెప్పే మెసేజ్‌లు వస్తే నమ్మి టెన్షన్ పడకండి, ఇంకొకరికి పంపకండి. ఏ ప్రాంతంలో ప్రమాదం ఎక్కువో మాత్రం చెప్పగలరు. భూకంపం మొదలయ్యాక, వేగంగా వచ్చే పీ తరంగాలను పట్టుకుని, విధ్వంసం చేసే ఎస్ తరంగాలు చేరేలోపు కొన్ని సెకన్ల ముందు హెచ్చరించే ఏర్పాట్లు జపాన్‌ లాంటి దేశాల్లో ఉన్నాయి.

కాలిఫోర్నియా విరిగి సముద్రంలో మునిగిపోతుందా?

మునగదు. శాన్ ఆండ్రియాస్ భ్రంశం (నేలలోని పెద్ద పగులు) దగ్గర రెండు పలకలు పక్కపక్కనే రాసుకుంటూ పోతున్నాయి. ఇదే తీరున సాగితే కోటిన్నర ఏళ్లలో లాస్ ఏంజిలిస్ వెళ్లి శాన్ ఫ్రాన్సిస్కో పక్కన చేరుతుంది.

హవాయి పలక మధ్యలో ఉంది కదా, అక్కడ అగ్నిపర్వతాలేమిటి?

లోతు నుంచి వేడి పైకి వచ్చే చోటు ఒకటి అక్కడ ఉంది. దాన్ని హాట్‌స్పాట్ అంటారు. కింద దీపం దాదాపు కదలకుండా ఉండి, దాని మీద కాగితం మెల్లగా జరుగుతుంటే కాలిన మచ్చలు వరుసగా పడతాయి. అలాగే దీవులు వరుసగా పుట్టాయి. ఇప్పుడు మండుతున్నది పెద్ద దీవి. వాయవ్యంగా ఉన్న కవాయ్ వయసు సుమారు 50 లక్షల ఏళ్లు. ఆ వరుస సముద్రం అడుగున సుమారు 6,000 కిలోమీటర్లు పోతుంది.

ఆఫ్రికా రెండుగా చీలిపోతోందా?

అవును, కానీ మన కాలంలో కాదు. తూర్పు ఆఫ్రికా పగులు లోయ వెంబడి ఏటా కొన్ని మిల్లీమీటర్ల చొప్పున విడిపోతోంది. సముద్రం రావడానికి లక్షల, కోట్ల ఏళ్లు పడుతుంది. 2018లో కెన్యాలో రోడ్డును చీల్చిన పగులు ఫొటో బాగా తిరిగింది. భారీ వర్షాలకు మెత్తటి మట్టి కొట్టుకుపోవడం దానికి ముఖ్య కారణమని చాలామంది నిపుణులు చెప్పారు. అసలైన విడిపోవడం చూడాలంటే 2005లో ఇథియోపియాలోని అఫార్ ప్రాంతం. లోపల శిలాద్రవం చొచ్చుకురావడంతో 60 కిలోమీటర్ల పొడవునా నేల కొన్ని రోజుల్లోనే విడిపోయింది, కొన్నిచోట్ల 8 మీటర్ల దాకా.

కొత్త నేల పుడుతూనే ఉంటే భూమి పెద్దది కావాలి కదా?

పుట్టినంతా అగాధాల దగ్గర లోపలికి పోతోంది, అందుకే కావడం లేదు. మహాసముద్రాల అడుగున ఉన్న రాయి దాదాపు అంతా 20 కోట్ల ఏళ్ల లోపుదే. ఖండాల మీద 400 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు ఉన్నాయి. తేలికైన ఖండం పైనే మిగిలిపోతుంది, బరువైన అడుగు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తదవుతుంది.

ఖండాలు మళ్లీ కలుస్తాయా?

20, 25 కోట్ల ఏళ్లలో కలుస్తాయని అంచనా. అట్లాంటిక్ మూసుకుపోయి కలుస్తాయా, పసిఫిక్ మూసుకుపోయి కలుస్తాయా అన్న దాంట్లో శాస్త్రవేత్తలు రెండు రకాలుగా చెబుతున్నారు.

పిల్లలకు ఇంట్లో ఎలా చూపించాలి?

రెండు బల్లలను మధ్యలో సన్నటి సందు ఉంచి పక్కపక్కన పెట్టండి. రెండు పొడవైన కాగితం పట్టీలను సందులోంచి పైకి తీసి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పరవండి. ఒక్కో పట్టీ మీద ఒక రబ్బరు ముక్క పెట్టండి. ఇద్దరు పిల్లలు చెరో వైపు నిలబడి కొంచెం కొంచెంగా లాగాలి. ఆగిన ప్రతిసారీ సందు పక్కన రెండు పట్టీల మీదా ఒకే రంగు గీత గీయించండి, రంగు మారుస్తూ ఉండండి. కాసేపటికి రెండు వైపులా ఒకే వరుసలో రంగులు కనిపిస్తాయి. అవే వైన్, మాథ్యూస్ చూసిన పట్టీలు. బల్ల చివర కాగితం కిందికి వంగి దిగే చోట రబ్బరు ముక్కను వేలితో ఆపమనండి. కాగితం దిగిపోతుంది, రబ్బరు పైనే ఉండిపోతుంది. అప్పుడు, రబ్బరును అక్కడిదాకా ఎవరు తోశారని అడగండి.